గుమ్మానికి కట్టిన వరికంకులు

"ముట్టుకోకు!" అని అరిచాడు ధ్రుబ.

కేతకి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గుమ్మానికి కొట్టిన మేకుకి వరికంకుల కట్ట వేలాడుతోంది. గుప్పెడు కంటే కాస్త ఎక్కువ. తెల్లవారుజాము తుంపర తడి ఇంకా ఆరలేదు. మొదళ్ళు గడ్డితో రెండు చుట్లు చుట్టి ఉన్నాయి. నిన్న తలుపు వేసినప్పుడు అది అక్కడ లేదు.

"కంకులే కదా, పాము కాదుగా."

"పామైతే కర్ర పుచ్చుకునేవాణ్ణి. దీన్నేం చెయ్యమంటావు?"

ఆ సంగతి కేతకికీ తెలీదు. ఇవాళ నువాఖాయి, కొత్త బియ్యం పండగ. సమలేయి అమ్మవారికి కొత్త బియ్యం నివేదన చేసే లగ్నం తొమ్మిదీ నలభైకి మొదలై పావుగంట ఉంటుంది. ఆ ఘడియకే ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కొత్త వడ్లు దంచి, పాలూ నెయ్యీ బెల్లమూ కలిపి, దేవుడికి పెట్టి, ఇంటి పెద్ద చేతిమీదుగా మొదటి ముద్ద తింటారు. దాన్నే నువా అంటారు. ఆ ముద్ద నోట పడేదాకా ఆ ఏటి పంట ముట్టకూడదు.

భాద్రపదం నాటికి కంకి పండేది మెరక చేలోనే. పంపకాల్లో మెరక చేను అన్న నీలమణికి వెళ్ళింది, పల్లపు చేను ధ్రుబకి వచ్చింది. పల్లంలో పంట రెట్టింపు, కాకపోతే కార్తీకం దాటితే గానీ కోతకు రాదు. కాబట్టి ఈ కట్ట ఎవరి చేలోదో అడగక్కర్లేదు. ఎందుకొచ్చిందన్నదే అర్థం కావడం లేదు.

నాలుగు రోజుల కిందట కేతకి తోడికోడలు కుముదిని చెవిలో రహస్యంగా ఒక మాట వేసింది. ఈ ఏడు అందరం ఒక్కచోట నువా తిందామక్కా, బావగారిని ఎలాగైనా ఒప్పించు, అని. జవాబు రాలేదు. జవాబు బదులు ఇది వచ్చింది.

"మన వాటా మన మొహాన పారేశాడు," అన్నాడు ధ్రుబ. "కంకులు పంపించాం, ఇక మా గుమ్మం ఎక్కకండి అని దీనర్థం."

"కంకులు మావి, దేవుడు మీ వైపు గదిలో ఉన్నాడు, కలిసి చేసుకుందాం అని కూడా అర్థం కావచ్చుగా."

"అలా అనుకునేవాడు తలుపు కొడతాడు. దొంగలా కట్టేసి పోతాడా?"

"తలుపు కొడితే మీరు తీసేవారా?"

ధ్రుబ కొత్త పంచె అంచు సర్దుకోవడంలో పడ్డాడు. పన్నెండేళ్ళ కాపురంలో కేతకికి తెలిసిన విషయం, ఆయనకి జవాబు లేనప్పుడల్లా బట్టలు వదులవుతాయి.

వాకిలి మధ్యలో అడ్డగోడకి ఇటుకలు పేర్చి ఉన్నాయి. పక్కనే ఇసుక కుప్ప. ఇటుకలు తమ్ముడు తెప్పించాడు, ఇసుక అన్న తోలించాడు. పొయ్యిలు వేరుపడ్డ ఏడాదిన్నరలో అన్నదమ్ములు కలిసి చేసిన పని అదొక్కటే. పోయిన ఏడు ఎవరి నువా వాళ్ళు తిన్నారు. ఈ ఒక్కసారికే అనుకుని పెద్దలు ఊరుకున్నారు. రెండో ఏడు కూడా విడిగా తింటే దేవుణ్ణి కూడా పంచుకున్నట్టేనని ఊరి లెక్క. ఇక గోడకి అడ్డు చెప్పేవాళ్ళు ఉండరు. మేస్త్రీ ఎల్లుండి వస్తానన్నాడు.

"అత్తయ్యని అడిగొస్తాను," అంది కేతకి.

"అమ్మకేం తెలుసు? ఈ నెల వాళ్ళ వంతు. వాళ్ళ మాటే మాట్లాడుతుంది."

"పోయిన నెల మన వంతు. అప్పుడు మన మాట మాట్లాడిందా?"

"అప్పుడసలు మాట్లాడలేదు," అన్నాడు ధ్రుబ, కొంచెం ఆలోచించి.

*

కుముదిని అరిసెలు వేస్తోంది. కేతకిని చూసి బాండీలోంచి తల ఎత్తకుండానే అంది.

"రావమ్మా రా. కంకులు మొహాన కొట్టడం అయింది, ఇక నూనె మరిగిందో లేదో చూడ్డానికొచ్చావా?"

"ఏం కంకులక్కా?"

"ఏం కంకులా? నా గుమ్మానికి తోరణంలా వేలాడుతున్నాయి, కనబళ్ళేదూ?"

కేతకి వెనక్కి తిరిగి చూసింది. నిజమే. అంతే లావు కట్ట. అవే రెండు చుట్లు.

అరుగు చివర నీలమణి గడ్డం గీసుకుంటున్నాడు. కేతకి చప్పున కొంగు ముఖం మీదికి లాక్కుంది. నీలమణి అద్దంతో సహా స్తంభం వైపు తిరిగాడు. తమ్ముడి భార్య బావగారి ఎదుట నోరు విప్పకూడదు, ఆయన ఆమెతో మాట్లాడకూడదు, నీడ కూడా తగలకూడదు. పన్నెండేళ్ళుగా ఒకే వాకిట్లో తిరుగుతూ ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ పోట్లాడుకోనిది కూడా వాళ్ళిద్దరే.

"అడుగు," అన్నాడు నీలమణి స్తంభంతో. "నా చేలోకి చీకటితోనే దిగి నా కంకులు కోసి నాకే ఇవ్వడం ఏం మర్యాదో అడుగు. వాటా కావాలంటే నోటితో అడిగితే సరిపోయేదిగా."

"విన్నావుగా," అంది కుముదిని. "మీ ఆయన దొంగట."

"నేను దొంగ అన్లేదు!"

"ఆయన దొంగ అన్లేదట. అనబోయి ఆగారట."

"అక్కా, మా గుమ్మానికి కూడా కట్ట ఉంది," అంది కేతకి. "మీరే కట్టారనుకుని మా ఆయన పొద్దుట్నుంచీ చిందులు తొక్కుతున్నాడు."

కుముదిని చేతిలో గరిటె ఆగిపోయింది. బాండీలో అరిసె ఎర్రబడి, నల్లబడి, పొగ మొదలుపెట్టింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"మీక్కూడానా?"

"మాక్కూడా."

"మేం కట్టలేదే. మీరు కట్టలేదూ?"

"లేదక్కా."

స్తంభం వైపు గడ్డం గీసే చప్పుడు ఆగింది. సగం గడ్డం నురగతో, సగం నున్నగా, నీలమణి గాల్లోకి చూస్తూ ఉండిపోయాడు. కోప్పడదామంటే మనిషి దొరకని ముఖం అది.

"చెప్పు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అమ్మని పిలవమను. దేవుడి గదిలోంచి ఒకసారి రమ్మను."

కేతకికి అర్థం కాలేదు. "అత్తయ్య మా వైపు లేదక్కా. నేనే ఆవిడ కోసం వచ్చాను."

"లేకపోవడమేంటే? దేవుడికి పువ్వులు కొయ్యాలని తెలతెలవారుతూనే మీ వైపు వచ్చిందిగా."

"రాలేదు."

"సరిగ్గా చూశావా?"

"మనిషిని చూడకపోవడానికి మా ఇల్లేమన్నా రాజుగారి కోటా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుముదిని మాడిన అరిసెని తీసి పక్కన పెట్టి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. గోడ గడియారం ఎనిమిదీ ముప్పావు చూపిస్తోంది.

*

పావుగంటలో ఊరంతా ఒక చుట్టు తిరిగారు. అంటే ధ్రుబ కాలవ వైపు, నీలమణి బడి వైపు. తిరిగొచ్చి ఇటుకల దగ్గర ఎదురుపడ్డారు. నీలమణి గడ్డం సగమే గీసి ఉంది.

"నీ వంతు నెలలో మనిషిని చూసుకోవడం తెలీదా?" అన్నాడు ధ్రుబ, ఇటుకల వైపు చూస్తూ.

"దేవుడు ఎవరి వైపు ఉన్నాడో అమ్మ అటే పోతుంది. చూసుకోవాల్సింది ఎవరో?" అన్నాడు నీలమణి, ఇసుకతో.

"ఇంట్లో మగవాళ్ళున్నారా, ఇటుకలేనా?" అంటూ వీధిలోంచి గొంతు వినిపించింది.

వచ్చింది కేతకి అత్తగారు సేబతి స్నేహితురాలు. రెండు వీధుల అవతల మగ్గాల వాడలో ఉంటుంది. చిన్నప్పుడు జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుని స్నేహం కట్టుకున్నారు ఇద్దరూ. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఆమె సేబతిని 'మహాప్రసాదం' అంటుంది, సేబతీ ఆమెని అంతే అంటుంది. దాంతో ఇంటిల్లిపాదికీ ఆమె మహాప్రసాదం పెద్దమ్మే అయిపోయింది.

"మీ అమ్మ మా అరుగు మీద ఉంది," అంది పెద్దమ్మ. "మోకాళ్ళ దాకా బురద. మంచినీళ్ళిస్తే వద్దంది. లగ్నం దాకా ఉపవాసమట. పోనీ లోపలికొచ్చి కూర్చో అంటే అదీ వద్దట. పోయిన ఏడూ ఇదే తంతు."

"పోయిన ఏడా?" అంది కేతకి. "పోయిన ఏడు అత్తయ్య మీ ఇంటికెందుకొచ్చింది పెద్దమ్మా? నువా రోజున?"

"అదేదో మీరే చెప్పాలి. లగ్నం వేళకి వచ్చి కూర్చుంది. మా ఇంట్లో అందరం తిన్నాం. ఆవిడకి ఎలా పెడతాను? మొదటి ముద్ద సొంత ఇంటి పెద్ద చేత్తో తినాలాయె. తరవాత లేచి వెళ్ళిపోయింది."

"పోయిన ఏడు అమ్మ మీ దగ్గర తింది," అన్నాడు ధ్రుబ అన్నతో, ఈసారి నేరుగా. "అప్పుడూ భాద్రపదం మీ వంతే."

"మా దగ్గరా? దేవుడు మీ గదిలో ఉంటే అమ్మ మా దగ్గరెందుకు తింటుందిరా? మీ దగ్గరే తిందనుకుని మేం తినేశాం."

"సాయంత్రం మేం కాళ్ళకి మొక్కి జుహార్ పెట్టడానికొస్తే ఆశీర్వదించింది కదా!"

"మాకూ పెట్టింది ఆశీర్వాదం. దాందేముంది, పొట్ట ఖాళీగా ఉన్నా చెయ్యి లేస్తుంది."

ఆ మాట అన్నాక నీలమణికే అది ఎలా వినిపించిందో ఏమో, సగం గడ్డం తడుముకున్నాడు.

కుముదిని మెల్లగా అంది. "కేతకీ, మీ ఇంట్లో ఆవిడేం తినేది?"

"రాగి జావ. లేదా పాత బియ్యం. కొత్త బియ్యం అరగదని చెప్పేది."

"మాకూ అదే చెప్పింది. నేను మనసులో విసుక్కున్నాను కూడా. ఈవిడకి వేరే బియ్యం, వేరే గిన్నె అని." ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అరక్క కాదు. నువా తినలేదు కాబట్టి."

కేతకికి ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పన్నెండు నెలలు, ఆరు ఒక పొయ్యి దగ్గర, ఆరు ఇంకో పొయ్యి దగ్గర, కూర్చుని పాత గింజలు తిన్న మనిషి మీదా, చూసి కూడా చూడని తన మీదా? తను రోజూ ఆ జావ కలిపింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. అంతకు మించి ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలేమో, ఏం ప్రశ్న వేయాలో ఇప్పటికీ స్పష్టంగా తోచడం లేదు.

*

సేబతి పెద్దమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కాళ్ళ మీద బురద ఎండి తెల్లబడుతోంది. చూపుడు వేలికి కొడవలి గీరుకున్న గీత.

"ఇంత మందెందుకొచ్చారు?" అంది.

"అమ్మా, కంకులు నువ్వు కట్టావా?" అన్నాడు ధ్రుబ.

"నేనే కట్టాను."

"ఎందుకు?"

"నువాఖాయి రోజున గుమ్మానికి కంకులు కట్టడానికి కారణం కూడా చెప్పాలా? మీ నాన్న ఉన్నప్పుడు ఏటా కట్టేవాడు. పోయిన ఏడు ఎవరూ కట్టలేదు."

కేతకి ధ్రుబని చూసింది. ధ్రుబ పంచె సర్దుకున్నాడు.

"పోయిన ఏడు నువ్వు నువా తినలేదటగా," అన్నాడు నీలమణి. "చెప్పొచ్చు కదమ్మా."

"ఏమని చెప్పను? వాకిట్లో నిలబడ్డాను. ఇటు పొగ, అటు పొగ. ఏ మెట్టు ఎక్కితే ఎవడికి కోపమో తెలీలేదు. ఎవడో ఒకడు పిలుస్తాడులే అని చూశాను. లగ్నం దగ్గరపడింది. ఇటొచ్చి కూర్చున్నాను." కాస్త ఆగింది. "మహాప్రసాదం ఇంటి అరుగు మీద ఎండ తగలదు."

"మా ఇంటికి రామ్మా," అన్నాడు ధ్రుబ.

"మా ఇంటికి," అన్నాడు నీలమణి, సరిగ్గా అదే క్షణాన.

పెద్దమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. "ఏడాది పాటు ఎవడికీ అక్కర్లేదు. ఇప్పుడు ఇద్దరికీ కావాలి."

"దేవుడు మా వైపున్నాడు," అన్నాడు ధ్రుబ.

"పెద్దవాణ్ణి నేను. నువా పెట్టాల్సింది నేను."

"అయితే వచ్చి పెట్టు. ఎవడొద్దన్నాడు?"

"వాడి గుమ్మం తొక్కనని చెప్పానని వాడికి గుర్తు చెయ్యి," అన్నాడు నీలమణి భార్యతో.

"నీ చేతి ముద్ద తిననని నేను చెప్పింది కూడా గుర్తు చెయ్యి వదినా," అన్నాడు ధ్రుబ.

"మీ ఇద్దరికీ మధ్య నేనేమన్నా తపాలా ఆఫీసునా?" అంది కుముదిని. "నా అరిసెలు సగం పిండి మీదున్నాయి."

కేతకి వీధి చివర శివాలయం గడియారం వైపు చూసింది. తొమ్మిదీ ఇరవై. వెళ్ళడానికి అయిదు నిమిషాలు. కంకులు నలపాలి, వడ్లు దంచాలి, పాలు కలపాలి. ఈ లోపల వీళ్ళిద్దరూ ఒకరి ప్రమాణం ఒకరికి అప్పజెప్పుకుంటూ కూర్చుంటారు. తను ఏం చేస్తోందో తనకే పూర్తిగా తెలియకుండా కేతకి కొంగు వెనక్కి తోసింది.

"బావగారూ, మీరు వస్తున్నారా, రావడం లేదా?"

వీధి మొత్తం ఆగిపోయినట్టయింది. ఎదురింటి అరుగు మీద చాట ఝాడిస్తున్న ఆడమనిషి చాట అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కుముదిని 'అమ్మో' అంది. ధ్రుబ నోరు తెరుచుకుంది. పన్నెండేళ్ళ తర్వాత తన భార్య గొంతు ఇంత పెద్దదని అతనికి కొత్తగా తెలిసింది.

నీలమణి ఎటు తిరగాలో తోచక కొంచెం ఇటూ కొంచెం అటూ తిరిగాడు. ఆ వీధిలో స్తంభం లేదు.

"వస్తున్నాను," అన్నాడు.

"అయితే పదండి," అంది కేతకి. అప్పుడు భయం వేసింది. కొంగు మళ్ళీ కిందికి లాక్కుంది, ఆలస్యంగా.

*

రెండు కట్టలూ ఒక్క రోట్లో పడ్డాయి. కేతకి కంకులు నలిపింది, కుముదిని దంచింది.

"బావగారితో మాట్లాడావు," అంది కుముదిని దంచుతూనే. "ఊరు ఆరు నెలలు చెప్పుకుంటుంది."

"చెప్పుకోనీ అక్కా."

"నాతో అయితే పదిహేనేళ్ళలో ఒక్క ప్రశ్నకి అంత త్వరగా జవాబివ్వలేదు."

నీలమణి దేవుడి గది గడప దగ్గర కాస్సేపు నిలబడ్డాడు. ఆ గది అతను పుట్టి పెరిగిన ఇంట్లోదే. ఏడాదిన్నరగా చూడలేదు. దీపపు కుంది చోటు మారింది, లక్ష్మీదేవి పటం పక్కన కొత్త క్యాలెండరు. ధ్రుబ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఇద్దరి భుజాలూ తగిలాయి. 'చూసుకో' అని ఇద్దరూ మనసులోనే అనుకున్నారు.

తొమ్మిదీ నలభై. ఊరి నలుమూలలా శంఖాలు మోగాయి. నీలమణి దేవుడికి పెట్టాడు. గిన్నె తీసుకుని బయటికొచ్చాడు. అందరూ తూర్పు ముఖంగా కూర్చున్నారు, ముందు విస్తళ్ళుగా కొడిసె ఆకులు. సేబతి మొదట, ఆమె పక్కన ధ్రుబ. పెద్దమ్మ వాళ్ళింట్లో తినేసి పరుగున వచ్చి గోడ వారగా నిలబడింది, చూడ్డానికే.

నీలమణి వంగి తల్లి ఆకులో ముద్ద పెట్టాడు. తర్వాత తమ్ముడి ఆకు ముందు ఆగాడు. ధ్రుబ ఆకునే చూస్తున్నాడు. ఆకు వెనక్కి లాక్కోలేదు. ముద్ద పడింది.

కేతకి ఊపిరి వదిలింది. అయిపోయింది, అనుకుంది. ఇక తినడమే. తిన్నాక జుహార్లు, ఆ తర్వాత మేస్త్రీకి రావద్దని కబురు, మధ్యాహ్నం అందరికీ ఒకే పొయ్యి మీద...

సేబతి ముద్ద తీసుకుంది. నోటి దాకా తెచ్చింది. ఆమె తినే వరకూ ఎవరూ తినకూడదు. అందరి చేతులూ ఆకుల మీద సిద్ధంగా ఉన్నాయి.

చెయ్యి అక్కడే ఆగింది.

"ఇవాళ సరే," అంది సేబతి. "రేపో?"

"రేపేంటమ్మా?" అన్నాడు ధ్రుబ.

"రేపు పొద్దున నేను లేస్తాను కదా. లేచి ఎటు నడవాలి?"

నీలమణి గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నాడు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు అన్న వైపు చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకటే అయోమయం. ఇంత పోలిక వాళ్ళ మధ్య ఉందని కేతకి ఎప్పుడూ గమనించలేదు.

"తినమ్మా ముందు," అన్నాడు నీలమణి. "తిన్నాక మాట్లాడుకుందాం."

"ఏడాది ఆగాను. మీరు చెప్పేదాకా ఆగలేనా?"

కుముదిని కేతకిని మోచేత్తో పొడిచింది, నువ్వే ఏదో ఒకటి అను అన్నట్టు. కేతకి నోరు తెరిచింది. ఇందాకటి గొంతు ఎక్కడుందో వెతుక్కుంది. ఈ ఒక్క పూట ముద్ద దాకానే తను ఆలోచించిందని, దాని అవతలికి ఒక్క అడుగు కూడా వేయలేదని అప్పుడే తెలిసింది. ఈ ప్రశ్నకి జవాబివ్వాల్సింది బావగారా, తన భర్తా, తనా? తనైతే, ఏమని?

అవతలి ఇళ్ళల్లో జుహార్ల సందడి మొదలైంది. సేబతి ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చింది. పెద్ద కొడుకు, చిన్న కొడుకు, పెద్ద కోడలు. చివరికి కేతకి దగ్గర ఆగి, అక్కడే చూపు నిలిపింది. ముద్దలోని పాలు ఆమె వేళ్ళ సందుల్లోంచి జారి ఒక్కొక్క చుక్కే ఆకు మీద పడుతున్నాయి. లగ్నం దాటడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.